రూమ్మేట్ రెఫరల్‌తో రాయబారి అయిపోయాడా? బందరు నుంచి బెలీజ్ దాకా ఒక పాత లెక్క

ఇవాళ మా కూచిపూడి ఇంట్లో, డాబా మీద కూర్చుని రికార్డ్ చేస్తున్నా. మధ్యలో ట్రాక్టర్ శబ్దం వస్తే ఏమీ అనుకోకండి, ఊరన్నాక ఉంటుంది.

ఈ ఎపిసోడ్‌కి కారణం ఒక వాట్సాప్ ఫార్వర్డ్. పంపింది నా పాత రూమ్మేట్. వాడిది గుడివాడ పక్కన ఊరు. బీటెక్ అయ్యాక హైదరాబాదులో మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నాం, ఒకే కుక్కర్‌లో అన్నం వండుకున్నాం. నేను జాబ్ మానేసి ఈ వీడియోల్లోకి వచ్చా, వాడు జాబ్‌లోనే ఉన్నాడు. ఐదు నెలల క్రితం వాడి ఉద్యోగం పోయింది. అప్పట్నుంచి రెజ్యూమెలు పంపుతూనే ఉన్నాడు. ఆ ఫార్వర్డ్‌లో ఏముందంటే, ఒబామాకి కాలేజీ రోజుల్లో ఒక తెలుగాయన రూమ్మేట్ అట, ఒబామా ప్రెసిడెంట్ అవ్వగానే ఆయన్ని అంబాసిడర్‌ని చేసేశాడట. దాని కింద మావాడు సొంతంగా ఒక లైను రాశాడు: "చూశావా, రూమ్మేట్ కరెక్ట్‌గా దొరకాలిరా. నాకేమో నువ్వు దొరికావు."

నవ్వొచ్చింది. కొంచెం గుచ్చుకుంది కూడా. ఎందుకంటే నా మొదటి ఉద్యోగం రెఫరల్‌తో వచ్చిందే. మా సీనియర్ ఒకాయన నా రెజ్యూమె లోపల ఇచ్చాడు కాబట్టి ఇంటర్వ్యూ దాకా వెళ్ళా. మావాడికి ఆ సీనియర్ తెలియదు, అంతే తేడా. మార్కులు వాడివే ఎక్కువ.

సరే, ఫార్వర్డ్ నిజమా కాదా చూద్దామని కూర్చున్నా. నిజమే. ఆయన పేరు వినయ్ తుమ్మలపల్లి. హైదరాబాదులో పుట్టి పెరిగారు. అమెరికాలో సీడీలు తయారుచేసే కంపెనీకి ప్రెసిడెంట్‌గా చేశారు. 2009లో బెలీజ్ అనే దేశానికి అమెరికా రాయబారి అయ్యారు. భారతీయ మూలాలున్న మనిషి అమెరికా తరఫున రాయబారి అవ్వడం అదే మొదటిసారి. ఒబామాకి 1980లో కాలిఫోర్నియాలో రూమ్మేట్, అది కూడా నిజం.

అయితే ఈ ఒక్క ముక్కతో కథ అయిపోయిందా? వ్యాపారం చేసే మనిషి చేతికి రాయబారం ఎలా వస్తుంది, వస్తే ఏం జరుగుతుంది? దీనికి సమాధానం వెతకడానికి అమెరికా దాకా వెళ్ళక్కర్లేదు. మా ఇంటి నుంచి పాతిక కిలోమీటర్లు వెళ్తే చాలు, బందరు. ముందు అక్కడికి వెళ్ళొద్దాం, తర్వాత బెలీజ్ వెళ్దాం.

అసలు రాయబారం అనగానే మన కృష్ణా జిల్లా వాళ్ళకి ఏం గుర్తొస్తుంది? హార్మోనియం, కిరీటం, శ్రీకృష్ణుడు. తిరుపతి వేంకట కవుల నాటకాలు మా తాతల తరానికి నోటికి వచ్చు. ఆ జంటలో చెళ్ళపిళ్ళ వారు బందరు హైస్కూల్లో పంతులుగా కూడా పనిచేశారు. ఒక్కసారి ఆలోచించండి, పాండవులు కృష్ణుణ్ణే ఎందుకు పంపారు? మాట తెలిసినవాడు, అది ఒకటి. ఇంకోటి, రెండు పక్కలా చుట్టం. అంటే రెఫరల్ సంగతి మనకి కొత్తేం కాదన్నమాట.

ఇక బందరు. 1600ల మొదట్లో అది గోల్కొండ కుతుబ్‌షాహీల ప్రధాన రేవు. డచ్చి వాళ్ళు 1605-06లో వచ్చారు, ఇంగ్లీషు వాళ్ళు 1611లో 'గ్లోబ్' అనే ఓడలో వచ్చారు. వీళ్ళకి కావాల్సింది బట్ట. మన కలంకారీ, చిరివేరుతో ఎర్ర రంగు అద్దిన నేత, వాటిని జావా, మొలక్కా దీవుల వైపు తీసుకెళ్తే మిరియాలు, లవంగాలు, జాజికాయ దొరికేవి. అక్కడి వాళ్ళకి ఇంగ్లండు ఉన్ని బట్ట అక్కర్లేదు కదా, ఆ ఎండలో ఏం చేసుకుంటారు! మన బట్టే అక్కడ డబ్బులా నడిచింది. పెడన వాళ్ళు ఈ ముక్క కాలర్ ఎగరేసి చెప్పుకోవచ్చు.

అప్పటి కంపెనీల్లో ఉద్యోగిని 'ఫ్యాక్టర్' అనేవాళ్ళు. వాడు ఉండే ఇల్లు, గోడౌన్, ఆఫీసు కలిపి 'ఫ్యాక్టరీ'. అక్కడ యంత్రాలేమీ ఉండవు, కొనడం, దాచడం, ఓడకెక్కించడం, అంతే పని. అయితే ఆ పని జరగాలంటే ఏం కావాలి? సుంకం ఎంతో తేల్చుకోవాలి. హవల్దారుని మంచి చేసుకోవాలి. సుల్తాను దగ్గర ఫర్మానా సంపాదించాలి. కోమటి వర్తకులతో బయానాలు మాట్లాడుకోవాలి. మధ్యలో దుబాసీ, అంటే రెండు భాషలవాడు, ఇటు మాట అటు చెప్పాలి. నా లెక్కలో దుబాసీ అంటే ఇప్పటి బిజినెస్ ఎనలిస్ట్. క్లయింట్ తిట్టింది మనకి తిట్టులా వినపడకుండా చెప్పేవాడు. ఇవన్నీ చూస్తే ఫ్యాక్టర్ చేసేది సగం వ్యాపారం, సగం రాయబారం. జీతం మాత్రం వ్యాపారానికే.

ఇక్కడ ఒక మనిషిని పరిచయం చేస్తా. విలియం మెత్‌వోల్డ్. 1615లో ఈస్టిండియా కంపెనీలో చేరాడు. 1618 నుంచి 1622 దాకా బందరు ఫ్యాక్టరీకి పెద్ద. ఈయన ఆఫీసులో కూర్చుని లెక్కలు రాసుకునే రకం కాదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాల గనుల దాకా వెళ్ళి చూశాడు. అక్కడ సుమారు 30,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. గోల్కొండ రాజ్యం గురించి ఈయన రాసింది 1626లో లండన్‌లో అచ్చయింది. ఊళ్ళు, కులాలు, పెళ్ళిళ్ళు, పంటలు, పన్నులు, సుల్తాను ఆదాయం, అన్నీ ఉన్నాయి అందులో. బందరు ఊరి గురించి మాత్రం పెద్దగా పొగడలేదు. జనం ఎక్కువ, గోడ లేదు, ఇళ్ళు బాగోవు, నీళ్ళు ఉప్పన అన్నట్టు రాశాడు. బందరు వాళ్ళు కోపం తెచ్చుకోకండి, నీళ్ళ సంగతి మీరూ ఒప్పుకుంటారు.

ఈయన 1633లో మళ్ళీ ఇండియా వచ్చాడు, ఈసారి సూరత్‌లో కంపెనీ ప్రెసిడెంటుగా. అప్పటికి పరిస్థితి ఘోరం. గుజరాత్‌ని 1630-32 కరువు తుడిచిపెట్టేసింది, నేతగాళ్ళే మిగల్లేదు. డచ్చి వాళ్ళు సముద్రం మీద బలంగా ఉన్నారు. ఇక పోర్చుగీసు వాళ్ళతో ఇంగ్లీషు వాళ్ళకి ఇరవై ఏళ్ళ నుంచి సముద్రం మీద పోట్లాట. 1622లో ఇరాన్ షాతో చేతులు కలిపి పోర్చుగీసు వాళ్ళ హోర్ముజ్ కోటని పట్టుకున్నారు కూడా. అంత పగ ఉన్నచోట మెత్‌వోల్డ్ ఏం చేశాడంటే, తనే గోవా వెళ్ళి పోర్చుగీసు వైస్రాయ్ లిన్యారెస్ దొరతో కూర్చున్నాడు. 1635 జనవరిలో సంధి కుదిరింది. యూరప్‌లో రాజులు 1630లోనే మాడ్రిడ్‌లో సంతకాలు పెట్టారు కానీ, ఈ సముద్రంలో పోరు నిజంగా ఆగింది ఇక్కడి ఒప్పందంతోనే. ఆ వెంటనే ఇంగ్లీషు ఓడ ఒకటి పోర్చుగీసు వాళ్ళ సరుకు కోసం మకావు దాకా వెళ్ళింది. నిన్నటిదాకా ఫిరంగులు పేల్చుకున్నవాళ్ళు!

గమనించారా, ఆయన రాజు పంపిన రాయబారి కాదు. కంపెనీ ఉద్యోగి. ఇద్దరికీ యుద్ధం వల్ల ఎంత ఖర్చవుతోందో, డచ్చి వాడు ఆ సందులో ఎంత లాభం చేసుకుంటున్నాడో ఆయనకి లెక్కలతో సహా తెలుసు. ఎదుటివాడికి కూడా అదే నొప్పి ఉందని తెలుసు. మాట్లాడాల్సింది అదే.

అంత చేసినవాడికి తర్వాతి ఏడాది ఏం జరిగిందో తెలుసా? జైలు. 1636లో, సాక్షాత్తూ ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ లైసెన్సు ఇచ్చిన వేరే ఓడలు ఎర్రసముద్రం వైపు వెళ్ళి, సూరత్ వర్తకుల సరుకున్న ఓడల్ని దోచుకున్నాయి. దోచింది వేరేవాళ్ళయినా, సూరత్‌లో మొగలు అధికారులకి కనపడే ఇంగ్లీషువాడు మెత్‌వోల్డే. దాదాపు రెండు నెలలు లోపల పెట్టారు. ప్రొడక్షన్‌లో బగ్ పెట్టింది ఒకడు, కాల్‌లో క్లయింట్ తిట్లు తినేది ఇంకొకడు, మనకి తెలియని కథా ఇది! ఆయన బయటికొచ్చి మళ్ళీ పనిలో పడ్డాడు. ఇంగ్లండు వెళ్ళాక కంపెనీకి డిప్యూటీ గవర్నర్ దాకా ఎదిగాడు.

ఈ దోపిడీ సంగతి గుర్తుపెట్టుకోండి, అరవై ఏళ్ళ తర్వాత మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు కథ, అదీ బందరులోనే. 1698లో ఇంగ్లండులో రెండో ఈస్టిండియా కంపెనీ పుట్టింది. పాత కంపెనీకి పోటీ. ఈ కొత్త కంపెనీ వాళ్ళు ఔరంగజేబు దగ్గర హక్కులు సంపాదించాలనుకున్నారు. అందుకు వ్యాపారి ఎందుకు, పెద్దమనిషి కావాలి అనుకున్నారు. లివర్‌పూల్ ఎంపీ విలియం నారిస్‌ని ఎంచుకున్నారు. పార్లమెంటులో పలుకుబడి ఉంది, రాజుగారి చేత బారోనెట్ బిరుదు ఇప్పించారు, అసలైన రాజ రాయబారి హోదా ఇప్పించారు. ఖర్చంతా కంపెనీది.

1699 సెప్టెంబరులో నారిస్ దిగింది మన బందరులో. అప్పటికి గోల్కొండ పడిపోయి పన్నెండేళ్ళు, ఊరు మొగలుల చేతిలో ఉంది. ఔరంగజేబు ఏమో మహారాష్ట్రలో కోటల చుట్టూ యుద్ధాల్లో ఉన్నాడు. బందరు నుంచి అక్కడికి దారి ఎలా, బళ్ళు ఎన్ని కావాలి, ఏ అధికారి ఉత్తరం ఉంటే దారిలో ఎవరూ ఆపరు, ఇవేవీ ఈయనకి తెలియవు. బందరులో కొత్త కంపెనీ తరఫున ఉన్న జాన్ పిట్ అన్నీ సిద్ధం చేస్తానన్నాడు, చేయలేకపోయాడు. ఇద్దరికీ చెడింది. మద్రాసులో పాత కంపెనీ గవర్నరు థామస్ పిట్, ఈ జాన్ పిట్ చుట్టమే, అయినా పచ్చి శత్రువు. ఈ రాయబారిని లెక్కచేయక్కర్లేదని అటువైపు నుంచి ప్రచారం. ఒకే దేశం వాళ్ళు, రెండు కంపెనీలు, ఒకడి మీద ఒకడు మొగలు అధికారులకి చాడీలు. అధికారులకి పండగే, ఇద్దరి దగ్గరా తీసుకోవచ్చు.

దాదాపు ఏడాది బందరులో కూర్చున్నాడండీ నారిస్. ఆ ఉక్కలో, ఆ దోమల్లో, రాజ రాయబారి హోదాతో. చివరికి ఇటునుంచి కుదరదని ఓడెక్కి, దేశమంతా చుట్టి 1700 డిసెంబరుకి సూరత్ చేరాడు. 1701 ఏప్రిల్‌లో పన్హాళా కోట దగ్గర విడిదిలో ఔరంగజేబు దర్శనం దొరికింది. ఇత్తడి ఫిరంగులు, ఉన్ని బట్ట, గాజు సామాను, బారులు బారులుగా కానుకలు. అంతా ఘనంగానే జరిగింది. తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. మీ ఇంగ్లీషు దొంగలు మా ఓడల్ని దోస్తున్నారు, సముద్రానికి మీరు హామీ ఉంటారా? 1695లో హజ్ నుంచి వస్తున్న 'గంజ్-ఇ-సవాయి' ఓడని హెన్రీ ఎవరీ దోచుకున్న గాయం ఇంకా పచ్చిగా ఉంది. నారిస్ అలాంటి హామీ ఇవ్వలేడు, ఏ కంపెనీ కూడా ఇవ్వలేదు. నెలలు గడిచాయి, ఏమీ తేలలేదు. నవంబరులో వెనక్కి తిరిగాడు. 1702లో ఇంటికెళ్తూ ఓడ మీదే చనిపోయాడు. అదే ఏడాది లండన్‌లో రెండు కంపెనీలూ కలిసిపోవడానికి ఒప్పందం రాసుకున్నాయి. అంటే ఆయన ఎవరి కోసం వచ్చాడో, ఆ గొడవే లేకుండా పోయింది.

మా కూచిపూడికి తానీషా అగ్రహారం ఇచ్చిన కథ మీకు తెలుసు కదా, గోల్కొండ నుంచి బందరు రేవు చూడ్డానికి వస్తూ మా ఊళ్ళో ఆట చూసి మెచ్చాడని చెప్పుకుంటారు. చిన్నప్పుడు ఆ కథ వింటే రాజుగారు మా కోసమే వచ్చినట్టుండేది. ఇప్పుడర్థమైంది, ఆయన వచ్చింది బందరు కోసం, మేం దారిలో ఉన్నాం. సరే, దారిలో ఉండటం కూడా ఒక అదృష్టమే. ఈ మాట ఎందుకు గుర్తొచ్చిందంటే, తుమ్మలపల్లి గారి కథలో కూడా ఈ 'దారిలో ఉండటం' ఉంది.

ఇప్పుడు అమెరికా వెళ్దాం. 1965లో అమెరికా తన వలస చట్టం మార్చింది. అంతకుముందు ఇండియాకి ఏడాదికి ఇన్నంటే ఇన్నే అని బొటాబొటి కోటా. అది పోయాక మన డాక్టర్లు, ఇంజినీర్లు, విద్యార్థులు వెళ్ళడం మొదలైంది. వినయ్ తుమ్మలపల్లి 1974లో చదువు కోసం వెళ్ళారు. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, నార్త్‌రిడ్జ్‌లో మెకానికల్ ఇంజినీరింగ్, 1977లో డిగ్రీ. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోనే ఉండిపోయారు. అక్కడే ఆక్సిడెంటల్ కాలేజీలో హవాయి నుంచి వచ్చిన ఒక కుర్రాడు చదువుతున్నాడు. 1980లో ఇద్దరూ రూమ్మేట్లు. ఆ కుర్రాడు 1981లో న్యూయార్క్ కొలంబియాకి మారిపోయాడు. స్నేహం మాత్రం పోలేదు.

ఇక్కడ ఆగి ఒక లెక్క వేయండి. 1980 నుంచి 2009, ఇరవై తొమ్మిదేళ్ళు. ఫార్వర్డ్‌లో ఈ ఇరవై తొమ్మిదేళ్ళూ లేవు. రూమ్మేట్, డాష్, అంబాసిడర్. ఆ డాష్‌లో ఏముందో చూద్దాం.

ఆ డాష్‌లో ఉన్నవి సీడీలు. ఇప్పటి పిల్లలు సీడీ చూసుంటారో లేదో! 1982లో మ్యూజిక్ సీడీ మార్కెట్‌లోకి వచ్చింది. దాన్ని అచ్చువేయడం అప్పట్లో పెద్ద ఇంజినీరింగ్. ప్లాస్టిక్ కరిగించి అచ్చులో పోయాలి, మీద పలచటి లోహం పూత, దుమ్ము కణం పడినా పాట దూకుతుంది. తుమ్మలపల్లి గారు ఈ పరిశ్రమలోనే ఎదిగారు. వార్నర్ వాళ్ళ రికార్డులు తయారుచేసే డబ్ల్యూఈఏ మాన్యుఫ్యాక్చరింగ్‌లో, తర్వాత డిస్క్ మాన్యుఫ్యాక్చరింగ్ అనే కంపెనీలో చేశారు. డిస్కుల తయారీ మీద ఆయన పేరుతో రెండు పేటెంట్లు ఉన్నాయి. తర్వాత కొలరాడో స్ప్రింగ్స్‌లో జపాన్ మిట్సుయి వాళ్ళు పెట్టిన ఫ్యాక్టరీకి వచ్చారు.

అక్కడ చేసేది ఖాళీ సీడీలు, అంటే మనం బర్న్ చేసుకునే సీడీ-ఆర్. ఇందులో ఒక రంగు పొర ఉంటుంది, లేజర్ ఆ రంగుని కాల్చి డేటా రాస్తుంది. ఆ రంగు ఏ రసాయనం, వెనక మెరిసే పొర ఏ లోహం, వీటి మీదే డిస్క్ ఎన్నాళ్ళు బతుకుతుందో ఆధారపడుతుంది. మిట్సుయి వాళ్ళ ప్రత్యేకత బంగారు పొర. వెండి, అల్యూమినియం గాలికి పాడవుతాయి, బంగారానికి ఏమీ అవ్వదు. 2000 ఆ ప్రాంతంలో తైవాన్ ఫ్యాక్టరీలు దిగాక ఖాళీ సీడీ ధర పాతాళానికి పోయింది. మా నాన్న బందరు బస్టాండ్ దగ్గర డబ్బా సీడీలు కొనేవాడు, యాభై ఉండేవి డబ్బాలో. ఆ దెబ్బకి అమెరికాలో ఎంతమంది మూసేసుకున్నారో! మిట్సుయి తప్పుకుంది, ఆ ఫ్యాక్టరీ మామ్-ఏ అనే పేరుతో నిలబడింది. చవక సరుకు జోలికి పోకుండా, లైబ్రరీలు, ఆర్కైవులు, ఆసుపత్రులు లాంటి, డేటా పోతే ఊరుకోని వాళ్ళకి అమ్మింది. ఆ కంపెనీకి ప్రెసిడెంట్ తుమ్మలపల్లి గారు.

ఇంకో సంగతి దాచకూడదు. 2008 ఎన్నికల్లో ఒబామా ప్రచారానికి విరాళాలు పోగుచేసిన వాళ్ళలో ఆయన ఉన్నారు. అప్పట్లో అమెరికా రాయబారుల్లో దాదాపు పదికి ఏడుగురు విదేశాంగ సర్వీసు నుంచి వచ్చేవాళ్ళు, మిగతా ముగ్గురూ బయటివాళ్ళు. ఆ ముగ్గురిలో ఎక్కువమంది అధ్యక్షుడి స్నేహితులో, పార్టీకి డబ్బు పోగేసినవాళ్ళో. తమాషా ఏంటంటే, విరాళం అర్హత కాకూడదని 1980లో చేసిన ఫారిన్ సర్వీస్ చట్టంలోనే రాసుంది. పైగా నామినీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళు ఎవరికెంత ఇచ్చారో నాలుగేళ్ళ లెక్క సెనేట్‌కి ఇవ్వాలి. అంటే, లెక్క అడుగుతారు, చూస్తారు, పంపిస్తారు.

ఇక అసలు షాక్ నాకు ఎక్కడ తగిలిందో చెప్తా. బెలీజ్‌లో తుమ్మలపల్లి గారి కంటే ముందు, 2005 నుంచి 2009 దాకా అమెరికా రాయబారి ఎవరు? రాబర్ట్ డైటర్. లా ప్రొఫెసర్. ఏ రాష్ట్రం? కొలరాడో. అధ్యక్షుడు జార్జ్ బుష్‌కి ఈయన ఏమవుతాడు? యేల్ యూనివర్సిటీలో రూమ్మేట్!

నిజమండీ. ఒకే చిన్న దేశానికి, ఒకడి తర్వాత ఒకడు, ఇద్దరు అధ్యక్షుల రూమ్మేట్లు, ఇద్దరూ కొలరాడో వాళ్ళే. ఇది చదివాక నేను ఫోన్ పక్కన పెట్టి రెండు నిమిషాలు నవ్వుకున్నా. మావాడు గెలిచాడు. బెలీజ్ అనేది దాదాపు రూమ్మేట్ కోటా పోస్టు.

మన దగ్గర ఇలా లేదా అంటే, చాలా తక్కువ. ఐఎఫ్ఎస్ వాళ్ళే వెళ్తారు. కానీ ఉంది. సింధియా స్టీమ్ నావిగేషన్ అనే ఓడల కంపెనీలో పనిచేసి, ఫిక్కీ అధ్యక్షుడుగా చేసిన జి.ఎల్. మెహతాని నెహ్రూ ప్రభుత్వం 1952లో అమెరికాకి రాయబారిగా పంపింది. ఆరేళ్ళు చేశాడు. 1955లో హ్యూస్టన్ ఎయిర్‌పోర్ట్ రెస్టారెంట్‌లో, ఒంటి రంగు చూసి, ఈయన్ని తెల్లవాళ్ళు కూర్చునే చోటు నుంచి పక్క గదికి పంపారు. అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పుకోవాల్సొచ్చింది. రాయబారికే అలా జరిగిన దేశంలో, యాభై నాలుగేళ్ళ తర్వాత హైదరాబాద్ కుర్రాడు ఆ దేశం జెండా కారుకి కట్టుకుని వేరే దేశంలో తిరిగాడు. రెఫరల్ అయినా సరే, ఇది చిన్న విషయం కాదు నాకు.

బెలీజ్ ఎక్కడుందంటే, మెక్సికో కింద, గ్వాటెమాలా పక్కన. ఒకప్పుడు బ్రిటిష్ హోండురాస్. 1981లో స్వతంత్రం వచ్చింది. జనాభా అప్పట్లో మూడు లక్షల పైచిలుకు, అంటే మన విజయవాడలో సగం కూడా లేదు. అధికార భాష ఇంగ్లీషు. 1857 తర్వాత ఇండియా నుంచి తీసుకెళ్ళిన సిపాయిలు, కూలీల వారసులు ఇప్పటికీ ఉన్నారక్కడ. అక్కడ రాయబారి తన పత్రాలు ఇవ్వాల్సింది గవర్నర్ జనరల్‌కి, ఎందుకంటే అప్పట్లో దేశాధినేత ఇంకా ఇంగ్లండు రాణే. బందరులో నాలుగొందల ఏళ్ళ క్రితం మొదలైన ఇంగ్లీషు వాళ్ళ కథ తోక ఇక్కడ కూడా తగులుతోంది చూడండి.

చిన్న దేశం కదా, హాయిగా బీచ్‌లో కూర్చోవచ్చు అనుకుంటాం. 2011 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం బెలీజ్‌ని మత్తుమందులు రవాణా అయ్యే ప్రధాన దేశాల లిస్టులో పెట్టింది. వాషింగ్టన్‌లో నిర్ణయం, అక్కడి మంత్రుల ముఖం చూసి మాట్లాడాల్సింది రాయబారి. 2012 చివర్లో మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి బాగా తెలిసిన జాన్ మెకఫీ, అదే యాంటీవైరస్ ఆయన, పక్కింటాయన హత్య కేసులో పోలీసులు ప్రశ్నించడానికి వెతుకుతుంటే బెలీజ్ నుంచి గ్వాటెమాలాకి పారిపోయాడు. ఒక పత్రిక వాళ్ళు ఆయనతో దిగి పెట్టిన ఫొటోలో లొకేషన్ డేటా తీసేయడం మర్చిపోయారు, అలా దొరికిపోయాడు. సెక్యూరిటీ గురువుగారు మెటాడేటాతో దొరకడం! ఆ సమయంలో అక్కడ అమెరికా రాయబారి మన తెలుగాయనే.

ఇప్పుడు నా అభిప్రాయం చెప్తా, మీరు ఒప్పుకోకపోయినా పర్లేదు. బెలీజ్ పదవి స్నేహం వల్ల వచ్చింది. దాన్ని కష్టానికి ఫలితం అని అలంకరించి చెప్పడం నాకిష్టం లేదు. కొలరాడోలో అంతకన్నా బాగా ఫ్యాక్టరీ నడిపినవాళ్ళు వంద మంది ఉండొచ్చు, వాళ్ళకి 1980లో ఆ అపార్ట్‌మెంట్ లేదు. కానీ 2013లో బెలీజ్ నుంచి వచ్చాక ఆయనకి ఇచ్చిన పని చూడండి. అమెరికా వాణిజ్య శాఖలో 'సెలెక్ట్ యూఎస్ఏ' అనే విభాగానికి ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్. ఆ విభాగం 2011లో పెట్టారు. పని ఏంటంటే, వేరే దేశాల కంపెనీల్ని అమెరికాలో ఫ్యాక్టరీలు పెట్టమని ఒప్పించడం.

ఆలోచించండి. జపాన్ కంపెనీ డబ్బుతో అమెరికా ఊళ్ళో నడిచే ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. టోక్యో వాడికి ఏం భయమో, కొలరాడో మేయరుకి ఏం కావాలో, కరెంటు, నీళ్ళు, పన్ను రాయితీ, పనివాళ్ళ జీతం, తైవాన్ వాడు సగం ధరకి అమ్మితే ఏం చేయాలో, ఇవన్నీ ఒళ్ళు కాల్చుకుని తెలుసుకున్నవాడు. నన్నడిగితే ఆయనకి సరిగ్గా సరిపోయింది ఈ పని. ఇక్కడ ఆయన మెత్‌వోల్డ్ లాంటివాడు, పెద్ద బిరుదు లేదు, సరుకు తెలుసు. బెలీజ్‌లోనేమో నారిస్ లాగా హోదాతో దిగాడు, కాకపోతే నారిస్ లాగా మునగలేదు, నాలుగేళ్ళు నిలబడ్డాడు. ఆ నాలుగేళ్ళు లేకపోతే ప్రభుత్వంలో ఈ రెండో పని ఇచ్చేవాళ్ళా? ఇచ్చేవాళ్ళు కాదనే అనుకుంటున్నా. రూమ్మేట్ లేకపోతే ఆ నాలుగేళ్ళు వచ్చేవా? రావు.

ఇదంతా మావాడికి ఫోన్ చేసి చెప్పా. ఓపిగ్గా విన్నాడు. "అయితే నువ్వేమంటావు, నేను సీడీల ఫ్యాక్టరీ పెట్టాలా?" అన్నాడు. తర్వాత ఇద్దరం కాసేపు నవ్వుకుని, వాడి రెజ్యూమె పంపమన్నా. నా పాత టీంలో ఒకక్క ఇప్పుడు మేనేజరు. ఇన్నాళ్ళూ అడగడానికి మొహమాటపడ్డా, నేనే మానేసి వచ్చినవాణ్ణి కదా, ఏ మొహం పెట్టుకుని అడుగుతాం అని. నిన్న రాత్రి అడిగా. పంపమంది. ఇంటర్వ్యూ వచ్చే మంగళవారం. లోపలికి వెళ్ళాక వాడి తిప్పలు వాడివి.

వచ్చే ఎపిసోడ్ బందరు డచ్చి సమాధుల దగ్గర షూట్ చేద్దామనుకుంటున్నా. రాళ్ళ మీద కుటుంబ చిహ్నాలు చెక్కి, రాజుల్లా పడుకున్న కంపెనీ ఉద్యోగుల్ని చూపిస్తా. బందరు తమ్ముళ్ళు, ఏ టైమ్‌లో వెలుతురు బాగుంటుందో, అక్కడ ఎవర్ని అడిగి లోపలికి వెళ్ళాలో తెలిస్తే చెప్పండి. ఉంటా మరి.